బరంపురం నుంచి సెక్యూరిటీ సర్వీసులు బయటి దేశాలకు అమ్మాలంటే

అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, మేం బరంపురంలో ఐదుగురం కలిసి వెబ్, మొబైల్ యాప్‌ల సెక్యూరిటీ టెస్టింగ్ చేస్తున్నాం. కస్టమర్లంతా వైజాగ్, భువనేశ్వర్ వాళ్లే. లోపాలను తనంతట తానే వెతికే స్కానర్ సాఫ్ట్‌వేర్ ఒకటి సొంతంగా రాస్తున్నాం. వచ్చే ఏడాది గల్ఫ్, సింగపూర్, యూరప్, అమెరికా మార్కెట్లలోకి వెళ్దామని ప్లాన్. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో కంపెనీ రిజిస్టర్ చేయమని ఒకరు, దుబాయ్‌లో ఆఫీసు తీయమని ఇంకొకరు చెబుతున్నారు. బరంపురం అడ్రస్ చూసి ఎవరైనా పని ఇస్తారా, లేక హైదరాబాద్ అడ్రస్ పెట్టుకోవాలా? దుబాయ్‌లో ఏటా జరిగే సైబర్ సెక్యూరిటీ ప్రదర్శన జీసెక్‌లో స్టాల్ తీసుకోవడం మంచిదేనా?"

నాది పర్లాకిమిడి. సెక్యూరిటీ ప్రొడక్టులు, సర్వీసులు అమ్మే ఉద్యోగాల్లో సింగపూర్, దుబాయ్‌లలో చాలా ఏళ్లు గడిపాను. ఇప్పుడు బరంపురంలో ఉంటూ చిన్న కంపెనీలకు ఈ పనిలోనే సాయం చేస్తున్నాను. మొహమాటం లేకుండా చెబుతాను తమ్ముడూ, మీ ప్లాన్‌లో ముప్పావు వంతు కొట్టేయాలి. నాలుగు మార్కెట్లు వద్దు, ఒక్కటి చాలు. అన్ని రకాల టెస్టింగూ వద్దు, మీకు బాగా చేతనైన ఒక్క రకం చాలు. ఆఫీసు ఇప్పుడు అసలే వద్దు.

ఎందుకంటే మీ పనితనం ఎంతో కొలుచుకునే వీలు కొనేవాడికి ఉండదు. మీరు రిపోర్టులో ఆరు లోపాలు రాశారంటే, ఉన్నవి ఆరేనా, ఇంకో ఆరు మీ కంట పడలేదా అన్నది అతనికి తెలిసే దారి లేదు. అందుకని అతను ఒకటే చూసుకుంటాడు. రేపు ఏదైనా జరిగితే బోర్డు ముందు, ఆడిటర్ ముందు, రెగ్యులేటర్ ముందు "ఫలానా వాళ్లతో చేయించాం, వాళ్లకు ఈ అర్హతలున్నాయి, ఇదిగో కాంట్రాక్టు" అని చూపించుకోగలడా లేదా? ఆ చూపించుకునే కాగితం దేశానికొక రకం. సింగపూర్‌లో చెల్లేదాన్ని అమెరికాలో అడగరు, రియాద్‌లో అడిగేది లండన్‌లో పనికిరాదు. ఐదుగురూ నాలుగు దేశాల కాగితాలు పోగు చేస్తూ కూర్చుంటే టెస్టింగ్ చేసేదెవరు?

ముందు అడ్రస్ సంగతి తేల్చేద్దాం, అది మీరనుకున్నంత పెద్ద విషయం కాదు. మీ కుర్రాళ్లు రోజూ తెరిచే బర్ప్ సూట్ అనే వెబ్ టెస్టింగ్ టూల్ ఉంది కదా, దాన్ని తయారుచేసే పోర్ట్‌స్విగర్ కంపెనీ లండన్‌లో లేదు. ఇంగ్లండ్‌లో చెషైర్ కౌంటీలో నట్స్‌ఫర్డ్ అనే చిన్న టౌన్‌లో ఉంది. మన బరంపురం దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఊరు చిన్నదని ఎవరూ కొనడం మానలేదు. దేశం మాత్రం చూస్తారు. 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం కాస్పర్‌స్కీ అమ్మకాలను నిషేధించింది. ఆ యాంటీవైరస్ పనితీరు బాగాలేదని కాదు, కంపెనీ మీద రష్యా ప్రభుత్వం ఒత్తిడి పనిచేయవచ్చన్న కారణంతో. ఆ విషయంలో ఇండియా కంపెనీ అనేది మనకిప్పుడు ఇబ్బంది కాదు, కొన్నిచోట్ల లాభమే.

అలాగని హైదరాబాద్‌లో వర్చువల్ ఆఫీసు అడ్రస్ పెట్టుకుని, మనుషులంతా బరంపురం గేట్ బజార్ పక్కన కూర్చుంటే మాత్రం ఎక్కడో ఒకచోట దొరికిపోతారు. కస్టమర్ పంపే ఫారంలో "పని ఏ చోటు నుంచి చేస్తారు, ఆ చోటికి ఎవరెవరికి ప్రవేశం ఉంది" అని ఉంటుంది. ఐఎస్ఓ ఆడిటర్ ఆ చోటికి వచ్చి చూస్తాడు. నమ్మకం అమ్ముకునే వ్యాపారంలో అడ్రసే అబద్ధమైతే ఇక మాట్లాడేదేముంది?

ఆ ఫారం గురించి కాస్త వివరంగా చెప్పాలి, మీకు అసలు పరీక్ష అక్కడే. బయటి కంపెనీలు ఏ చిన్న సప్లయర్‌నైనా తీసుకునేముందు సెక్యూరిటీ ప్రశ్నల ఎక్సెల్ షీట్ ఒకటి పంపుతాయి. దానికో చరిత్ర ఉంది. 2013 చివర్లో అమెరికాలో టార్గెట్ అనే రిటైల్ సంస్థ నుంచి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు దొంగల పాలయ్యాయి. వాళ్లు లోపలికి వచ్చింది ఏసీ, ఫ్రిజ్‌ల పని చూసే ఒక చిన్న కాంట్రాక్టర్ లాగిన్ ద్వారా. అప్పటినుంచి చిన్న సప్లయర్ అంటే పెద్ద కంపెనీలకు అనుమానమే. మీరు సెక్యూరిటీ కంపెనీ కాబట్టి అనుమానం తగ్గుతుందనుకోకండి, ఇంకా పెరుగుతుంది. వాళ్ల లోపాలన్నీ రాసి ఉన్న రిపోర్టు మీ లాప్‌టాప్‌లో ఉంటుంది మరి.

ఆ షీట్‌లో మన ఊళ్ల కంపెనీలు తడబడే ప్రశ్న ఒకటుంటుంది: "టెస్టింగ్‌లో మీకు దొరికిన డేటా, స్క్రీన్‌షాట్లు ఎక్కడ ఉంచుతారు? ఎన్ని రోజుల్లో చెరిపేస్తారు? చెరిపేశారని మాకెలా తెలుస్తుంది?" చాలామంది దీనికి "మేం చాలా జాగ్రత్తగా ఉంటాం" అన్న ధోరణిలో ఒక పేరా రాస్తారు. దాన్ని ఎవరూ చదవరు. "ఎన్‌క్రిప్ట్ చేసిన ఫలానా సర్వర్‌లో మాత్రమే ఉంచుతాం, ప్రాజెక్టులో ఉన్న ఇద్దరికే యాక్సెస్, రీటెస్ట్ అయిన 30 రోజులకు చెరిపేసి మెయిల్‌లో ధ్రువీకరణ ఇస్తాం" అని రాయండి. రాసినట్టే చేయండి, ఎవరు ఎప్పుడు చెరిపారో రిజిస్టర్ పెట్టండి. వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్లు పంపుకునే అలవాటుంటే ఈరోజే మానేయండి. మీ దగ్గర లేదని నేను నమ్మను, అందరి దగ్గరా ఉంటుంది.

రెండో ప్రశ్న: విపత్తు వస్తే పని ఎలా కొనసాగుతుంది? దీనికి బెంగళూరు వాళ్లు ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు వాక్యాలు అతికిస్తారు. మన దగ్గర అసలైన జవాబుంది. 2013 అక్టోబర్ 12న పైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. కరెంటు పోతే ఎన్నాళ్లకు వస్తుందో, టవర్లు ఎప్పుడు లేస్తాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే రాయండి. రెండు వేర్వేరు ఇంటర్నెట్ కనెక్షన్లు, జనరేటర్, తుపాను హెచ్చరిక రాగానే ఇద్దరు టెస్టర్లు ఏ ఊరికి వెళ్లాలో ముందే నిర్ణయం. ఆ ఊరు వైజాగ్ అని మాత్రం రాయకండి. 2014లో సరిగ్గా అదే అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్‌ని ఊడ్చేసింది కదా. హైదరాబాద్ పెట్టుకోండి, ఆ ఊరి పేరు నిజాయతీగా వాడుకునే చోటు ఇదే. టెస్టింగ్ ట్రాఫిక్ మొత్తం క్లౌడ్‌లోని ఒకే స్థిరమైన ఐపీ నుంచి బయటికి పోయేలా ఏర్పాటు చేసుకోండి. కస్టమర్ తన ఫైర్‌వాల్‌లో ఒక్క ఐపీకి అనుమతి ఇస్తే చాలు, మీరు బరంపురంలో ఉన్నా, ఇచ్ఛాపురంలో అత్తగారింట్లో ఉన్నా అతనికి తేడా తెలియదు. అక్టోబర్ మొదటి పక్షంలో కీలకమైన టెస్ట్ విండో ఒప్పుకోకండి. ఎందుకో కస్టమర్‌కి చెప్పండి. ఇలా చెప్పిన సప్లయర్ మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు.

ఇక సర్టిఫికెట్లు. సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 27001 తప్పదు, అది 2022 వెర్షన్‌లోనే ఉండాలి. పాత 2013 వెర్షన్ సర్టిఫికెట్ల గడువు 2025 అక్టోబర్ 31తో అయిపోయింది. మార్కెట్‌లో "పది రోజుల్లో ఐఎస్ఓ" అని తిరిగే ఏజెంట్లున్నారు, వాళ్ల జోలికి పోవద్దు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు ఎన్ఏబీసీబీ (ఇండియా) లేదా యూకాస్ (బ్రిటన్) లాంటి సంస్థల గుర్తింపు, అంటే అక్రెడిటేషన్, ఉందో లేదో కస్టమర్ చూస్తాడు. సర్టిఫికెట్ మీద స్కోప్ అని ఒక వాక్యం ఉంటుంది, దాన్ని కూడా చదువుతాడు. స్కోప్‌లో "సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్" అని ఉండి మీరు పెన్‌టెస్టింగ్ (అనుమతితో దాడి చేసి చూసి లోపాలు పట్టే పని) అమ్ముతుంటే ఆ కాగితం గోడకు తగిలించుకోవడానికే. అమెరికా వాళ్లు ఎక్కువగా అడిగేది ఎస్ఓసీ 2 టైప్ 2 రిపోర్టు, అంటే కస్టమర్ డేటాను కాపాడే మీ పద్ధతుల మీద ఆడిట్ రిపోర్టు. దాన్ని అక్కడి సీపీఏ (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్ల) సంస్థే ఇవ్వాలి, అదీ కొన్ని నెలల పాటు మీ పద్ధతులు నిజంగా నడిచాయని చూశాక. మీకది ఇప్పుడు అక్కర్లేదు. మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆడిటర్ల జాబితాలో చోటు (ఎంపానెల్‌మెంట్) ఇక్కడి ప్రభుత్వ, బ్యాంకు పనులకు బంగారం. గల్ఫ్‌లోని ఇండియన్ మేనేజర్లకు దాని విలువ తెలుసు, మిగతావాళ్లకు అంతంత మాత్రమే. బ్రిటన్ వైపు వెళ్లేవాళ్లు సెక్యూరిటీ టెస్టింగ్ కంపెనీలకు గుర్తింపు ఇచ్చే క్రెస్ట్ సభ్యత్వం గురించి ఆలోచించాలి. నిస్ట్ ఫ్రేమ్‌వర్క్ తెలుసా అని అడిగితే అమెరికా ప్రమాణాల సంస్థ గురించి అడుగుతున్నారని గుర్తుపెట్టుకోండి, మన పలూరు హిల్స్ కాలేజీ గురించి కాదు. (నవ్వకండి, ఇంటర్వ్యూలో ఒకబ్బాయి నాకు ఆ కాలేజీ గురించి చెప్పుకుంటూ పోయాడు.)

ఏ దేశం? నా ఓటు యూఏఈకి, లేదంటే సింగపూర్‌కి. మిగతావి ఎందుకు కావో ముందు చెబుతాను.

అమెరికా పెద్ద మార్కెట్టే. కానీ అక్కడ కాంట్రాక్టులో నష్టపరిహారం క్లాజులు చదివితే నిద్ర పట్టదు, ఇన్సూరెన్స్ లేకుండా లోపలికి రానివ్వరు, ఎస్ఓసీ 2 సరేసరి. డెలావేర్ కంపెనీ పెట్టడం తేలిక, మోయడం కష్టం. ఏటా ఫ్రాంచైజ్ ట్యాక్స్ కట్టాలి. విదేశీయుల చేతిలో ఉన్న కంపెనీ కాబట్టి ఫారం 5472 వేయాలి, వేయకపోతే జరిమానా 25,000 డాలర్లు. ఇండియాలో ఉంటూ బయట కంపెనీ పెడుతున్నందుకు మన ఫెమా (విదేశీ మారకం చట్టం) నిబంధనలు వేరే. అమెరికా ఇన్వెస్టర్ చెక్కు రాసి "డెలావేర్ ఉంటేనే ఇస్తాను" అన్నరోజున చూసుకోవచ్చు.

యూరప్‌లో ఆర్థిక సంస్థల ఐటీ భద్రత కోసం తెచ్చిన డోరా నిబంధనలు 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చాయి. అక్కడి బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు తమ ఐటీ సప్లయర్లందరినీ రిజిస్టర్‌లో రాసుకోవాలి, కాంట్రాక్టులో ఆడిట్ హక్కులు, తప్పుకునే ఏర్పాట్లు పెట్టాలి. ఐదుగురున్న కంపెనీకి ఆ కాంట్రాక్టు చదవడానికే లాయర్ ఫీజు అయిపోతుంది. పైగా మీ స్కానర్ డౌన్‌లోడ్ చేసుకునే ప్రొడక్టైతే యూరప్ వాళ్ల సైబర్ రెజిలియన్స్ యాక్ట్ కిందికి వస్తుంది. అందులో లోపాలను రిపోర్టు చేసే బాధ్యతలు 2026 సెప్టెంబర్ 11 నుంచి, మిగతావి 2027 డిసెంబర్ 11 నుంచి.

సౌదీలో డబ్బుంది, పని కూడా ఉంది. నేషనల్ సైబర్ సెక్యూరిటీ అథారిటీ అని 2017లో పెట్టారు, మరుసటి ఏడాదే వాళ్ల కనీస కంట్రోల్స్ వచ్చాయి, ఆ కంట్రోల్స్ వల్ల కంపెనీలన్నీ ఖర్చు పెట్టక తప్పని పరిస్థితి. కానీ 2024 జనవరి 1 నుంచి సౌదీలో రీజనల్ హెడ్‌క్వార్టర్ లేని విదేశీ కంపెనీలకు ప్రభుత్వ సంస్థలు మామూలుగా పెద్ద కాంట్రాక్టులు ఇవ్వడం లేదు. ఇది మీ స్థాయి ఆట కాదు, ఇప్పటికి.

సింగపూర్ చిన్నది, శుభ్రమైనది, రూల్ ఏమిటో రాసి ఉంటుంది. అక్కడ పెన్‌టెస్టింగ్‌కీ, కస్టమర్ సిస్టమ్‌లపై నిఘా పెట్టే ఎస్ఓసీ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) మానిటరింగ్‌కీ 2022 నుంచి లైసెన్స్ తప్పనిసరి. బయటి దేశంలో కూర్చుని సింగపూర్ కస్టమర్‌కి సర్వీసు ఇచ్చినా, వేరేవాళ్ల సర్వీసును తిరిగి అమ్మినా లైసెన్స్ కావాలి. మన వాళ్లలో చాలామందికి ఇది తెలియదు, ఆన్‌లైన్‌లో పని ఒప్పేసుకుంటారు. నేనైతే ఈ లైసెన్స్‌ని అడ్డంకిగా చూడను. ఫీజు భయపడేంత కాదు, డైరెక్టర్ల మీద కేసులూ దివాళాలూ లేవా అని చూస్తారు, చేసిన పనుల రికార్డులు మూడేళ్లు దాచమంటారు. అది వచ్చిందంటే మిగతా చోట్ల కూడా మీ మాటకు బరువొస్తుంది.

యూఏఈకి మొదటి ఓటు ఎందుకంటే, మీ మనుషులు అక్కడి మనుషులతో మాట్లాడగలరు. బరంపురం వాళ్లకి తెలుగు, ఒడియా, హిందీ మూడూ నోటికి వస్తాయి. దుబాయ్, షార్జాలోని మధ్యస్థాయి కంపెనీల్లో ఐటీ మేనేజర్ చాలాసార్లు మలయాళీయో, ముంబై వాడో, పాకిస్తానీయో అయి ఉంటాడు. హిందీలో పావుగంట ఫోన్‌లో మాట్లాడితే పని తేలుతుంది. టైమ్ తేడా గంటన్నర. 2022 నుంచి వాళ్లకీ శని, ఆదివారాలే సెలవు. మీ బిల్లులో ట్యాక్స్ పట్టుకోరు. చిన్న మాట: బావ దుబాయ్‌లో ఉన్నాడు, మేనమామ మస్కట్‌లో ఉన్నాడు అని వాళ్ల మీద సేల్స్ ఆశలు పెట్టుకోకండి. ఎయిర్‌పోర్టుకి వస్తారు, బిర్యానీ పెడతారు. ఐటీ మేనేజర్ దగ్గరికి తీసుకెళ్లడం వాళ్ల పని కాదు.

ఆ దేశం వైపు చూసేముందు ఒక అలవాటు మానాలి, దీన్ని గట్టిగా చెబుతున్నాను. మన కుర్రాళ్లు ఎవరూ అడక్కుండానే ఒక కంపెనీ వెబ్‌సైట్‌ని స్కాన్ చేసి, దొరికిన లోపాల స్క్రీన్‌షాట్‌తో "మీ సైట్‌లో ప్రమాదం ఉంది, మా కొటేషన్ జతచేశాం" అని మెయిల్ కొడతారు. దాన్ని మార్కెటింగ్ అనుకుంటారు. చదివినవాడికి అది బెదిరింపులా ఉంటుంది. మన ఐటీ చట్టం సెక్షన్ 43, 66 కిందా అది ఇబ్బందే. యూఏఈలో 2021 నాటి 34వ నంబర్ సైబర్ నేరాల చట్టం అనుమతి లేకుండా సిస్టమ్‌లోకి వెళ్లడాన్ని ఇంకా కఠినంగా చూస్తుంది. వీసా స్టాంపింగ్ అయ్యి దుబాయ్‌లో దిగాక ఆ మెయిల్ సంగతి బయటపడితే ఆదుకునేవాడుండడు. సైట్ ఓనర్ బగ్ బౌంటీ (లోపం పట్టిస్తే బహుమతి ఇచ్చే పథకం) పెట్టి, ఏది టెస్ట్ చేయొచ్చో రాసి ఉంటే అది వేరే.

అనుమతి పత్రం కూడా మొక్కుబడిగా రాయకండి. ఏ డొమైన్లు, ఏ ఐపీలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ దేశపు టైమ్ ప్రకారం, సర్వర్ పడిపోతే రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలి, సర్వర్ వేరే హోస్టింగ్ కంపెనీదైతే వాళ్ల అనుమతి ఎవరు తెస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి. సంతకం చేసేవాడికి ఆ అధికారం ఉందో లేదో కూడా చూసుకోండి. మార్కెటింగ్ మేనేజర్ సంతకం పెట్టిన పత్రం కోర్టులో ఎందుకూ పనికిరాదు.

కస్టమర్లు ఎలా దొరుకుతారు? నేరుగా వెళ్తే దొరకరు. అక్కడ ఇప్పటికే నలభై యాభై కంపెనీల నెట్‌వర్కులు, లాప్‌టాప్‌లు, ఫైర్‌వాల్‌లు చూసుకునే చిన్న ఐటీ సర్వీసు కంపెనీలుంటాయి. వాళ్ల దగ్గర పెన్‌టెస్టర్లు ఉండరు, పెట్టుకునే స్తోమతూ ఉండదు. వాళ్ల కస్టమర్‌కి ఆడిటర్ పెన్‌టెస్ట్ రిపోర్టు కావాలన్నప్పుడు వాళ్లు తడుముకుంటారు. ఆ ఖాళీలో మీరుండాలి. ఇది చిన్నవాళ్లు చేసే పని అనుకోవద్దు. ఫైర్‌వాల్‌లు తయారుచేసే చెక్ పాయింట్ 1993లో ఇజ్రాయెల్‌లో ముగ్గురు కలిసి పెట్టిన కంపెనీ. సొంత దేశంలో మార్కెట్ లేదని మొదటినుంచీ అమెరికా మీద పడ్డారు, కానీ సొంత సేల్స్ సైన్యంతో కాదు. 1994లో సన్ మైక్రోసిస్టమ్స్‌తో ఒప్పందం చేసుకుని, వాళ్ల కంప్యూటర్లతోపాటు తమ ఫైర్‌వాల్‌ని అమ్మించుకున్నారు. 1996కల్లా నాస్‌డాక్‌లో లిస్టయ్యారు.

పార్ట్‌నర్‌తో ఒప్పందంలో మూడు విషయాల దగ్గర మొండిగా ఉండండి. మొదటిది, ఎక్స్‌క్లూజివ్ హక్కు అడిగితే ఏడాదికి కనీసం ఇంత బిజినెస్ ఇస్తానని రాయించుకోండి, రాయనంటే హక్కు లేదు. రెండోది, రిపోర్టు మీద పార్ట్‌నర్ లోగో ఉన్నా సరే, లోపల టెస్ట్ చేసింది మీరేనని ఒక లైను ఉండాలి. లేకపోతే ఐదేళ్ల తర్వాత కూడా చూపించుకోవడానికి మీ పేరుమీద ఒక్క పని ఉండదు. మూడోది డబ్బు. దుబాయ్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ "కస్టమర్ నాకిచ్చాక నీకిస్తాను" అనే మాట మీద మా కంపెనీని నెలల తరబడి తిప్పాడు. కస్టమర్ ఎప్పుడో కట్టేశాడని తర్వాత తెలిసింది. అప్పటినుంచి నా లెక్క ఒకటే: సగం అడ్వాన్స్, మిగతాది డ్రాఫ్ట్ రిపోర్టు ఇచ్చాక, ఫైనల్ రిపోర్టుకి ముందు. ఆడిట్ తేదీ దగ్గర పడినవాడు ఫైనల్ రిపోర్టు కోసం వెంటనే కడతాడు.

రిపోర్టు దగ్గరికే వద్దాం, ఎందుకంటే బయటి మార్కెట్‌లో మీ తరపున మాట్లాడేది అదే. మీరు ఇప్పుడు రాసేది ఇలా ఉంటుందని పందెం కాస్తాను: "ఐడార్ లోపం. తీవ్రత: హై. పరిష్కారం: యాక్సెస్ కంట్రోల్ సరిచేయండి." కింద ఒక స్క్రీన్‌షాట్. డెవలపర్‌కి అది చాలు. కానీ ఆ రిపోర్టుని డబ్బు కట్టినవాడు చదవాలి. ఇలా రాసి చూడండి:

"లాగిన్ అయిన ఏ కస్టమరైనా ఇన్వాయిస్ లింకు చివర ఉన్న నంబర్ మారిస్తే వేరొకరి ఇన్వాయిస్ తెరుచుకుంటోంది. అందులో పేరు, ఫోన్ నంబర్, చిరునామా కనిపిస్తున్నాయి. మీరిచ్చిన రెండు టెస్ట్ అకౌంట్లతోనే దీన్ని నిర్ధారించాం, నిజమైన కస్టమర్ల ఇన్వాయిస్‌లు తెరవలేదు. ఇన్వాయిస్ ఇచ్చేముందు అది లాగిన్ అయిన వ్యక్తిదేనా అని సర్వర్ సరిచూడాలి. సరిచేశాక మళ్లీ టెస్ట్ చేశాం, లోపం మూసుకుంది."

మొదటి వాక్యం మేనేజర్‌కి అర్థమవుతుంది. రెండోది డేటా ప్రైవసీ చూసేవాడికి. మూడోది లాయర్‌కి, ఆ ఒక్క వాక్యం లేకపోతే "మా కస్టమర్ల డేటా మీరు చూశారా" అనే ప్రశ్నకు నెల రోజులు మెయిళ్లు నడుస్తాయి. నాలుగోది డెవలపర్‌కి. ఐదోది ఆడిటర్‌కి, అతను వెతికేది ఆ ఒక్క లైనే. రీటెస్ట్‌కి విడిగా డబ్బు అడక్కండి, మొదటి ధరలోనే కలిపేయండి. మూసుకున్న లోపాల రిపోర్టు కస్టమర్ చేతిలో పడితేనే వచ్చే ఏడాది మళ్లీ పిలుస్తాడు.

స్కానర్ సంగతి మీకు నచ్చకపోవచ్చు. దాన్ని ఇప్పుడు అమ్మకానికి పెట్టకండి. స్కానర్ మార్కెట్‌లో టెనబుల్, క్వాలిస్ లాంటివాళ్లు దశాబ్దాలుగా ఉన్నారు, ఉచితంగా దొరికేవి డజన్లు. ప్రొడక్టంటే సపోర్టు, అప్‌డేట్లు, రాత్రిపూట ఫోన్లు. మీ టెస్టర్ల చేతిలో సాధనంగా ఉంచుకోండి, ఒక రకం యాప్‌ల మీద అది మిగతావాటికన్నా ముందుగా ఏదైనా పట్టుకుంటోందని మీకే అనిపించిన రోజున ఆ ఒక్క ముక్కనే ప్రొడక్ట్ చేయండి. ఎన్‌క్రిప్షన్ ఎక్కువగా వాడేది, సిస్టమ్‌లోకి చొరబడే కోడ్ ఉన్నది బయటి దేశానికి పంపాలంటే విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ వారి స్కోమెట్ జాబితా (ఎగుమతికి అనుమతి కావాల్సిన వస్తువులు, టెక్నాలజీలు) కూడా చూసుకోవాలి. ఇలాంటి ఎగుమతులను అదుపులో ఉంచే దేశాల వాసెనార్ కూటమిలో ఇండియా 2017 డిసెంబర్‌లో చేరింది, స్కోమెట్ జాబితాలోని ఎనిమిదో కేటగిరీలో ఇవి ఉన్నాయి.

డబ్బు కాగితాలు పెద్ద కష్టం కాదు, మర్చిపోకుండా ఉంటే చాలు. జీఎస్టీలో ఎక్స్‌పోర్ట్‌కి ఎల్‌యూటీ (ట్యాక్స్ కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా వేయాలి. సాఫ్ట్‌వేర్ ఎగుమతిని ప్రకటించే సాఫ్టెక్స్ ఫారాల విషయంలో బరంపురంలోనే ఎస్‌టీపీఐ (సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్) సెంటర్ ఉంది, వెళ్లి అడగండి, ఓపిగ్గా చెబుతారు. మీ పక్క బ్యాంకు బ్రాంచిలో విదేశీ రెమిటెన్స్ గురించి అడిగితే ముఖం చూస్తారు. ఫారెక్స్ చూసే బ్రాంచిలో అకౌంట్ తెరవండి, కావాలంటే భువనేశ్వర్ వెళ్లండి. డబ్బు దేనికి వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్ తప్పు పడితే సరిచేయించుకోవడం తలనొప్పి. మొదటి బయటి కాంట్రాక్టు సంతకం అవకముందే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (మీ పనిలో తప్పు వల్ల కస్టమర్‌కి జరిగే నష్టానికి బీమా) తీసుకోండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. ఆ తర్వాత "మీ వల్ల మా సిస్టమ్ ఆగితే?" అనే ప్రశ్న లేని కాంట్రాక్టు నేను చూడలేదు.

సేల్స్ మనిషిని పెట్టుకోవాలా అని మీరు అడగలేదు కానీ అడుగుతారు. ఏడాది దాకా వద్దు. మీలో ఒకరు టెస్టింగ్ పక్కనపెట్టి అమ్మాలి. కస్టమర్ ఎక్కడ సందేహించాడో, ధర ఎంత అన్నప్పుడు ముఖం ఎలా పెట్టాడో కంపెనీ పెట్టినవాడే చూడాలి. ఐదుగురిలో ఎక్కువ మాట్లాడేవాడిని పంపకండి, విన్నది విన్నట్టు రాసుకొచ్చేవాడిని పంపండి.

చివరగా జీసెక్. స్టాల్ వద్దు, ఆ డబ్బుతో ఐఎస్ఓ ఆడిట్ అయిపోతుంది. విజిటర్‌గా వెళ్లండి. పెద్ద కంపెనీల స్టాళ్ల దగ్గర బ్యాగులు, టీషర్టులు తప్ప ఏమీ దొరకవు. చిన్న ఐటీ సర్వీసు కంపెనీల దగ్గర ఆగి "మీ కస్టమర్లకు పెన్‌టెస్ట్ ఎవరు చేస్తున్నారు?" అని అడగండి. "మాకు అవసరం లేదు" అన్నవాడితో కార్డు మార్చుకుని ముందుకు పోండి. "ఒకళ్లున్నారు గాని రిపోర్టు ఎప్పుడూ లేటే" అన్నవాడి దగ్గర కుర్చీ లాక్కుని కూర్చోండి. ఆ మధ్యాహ్నమంతా అతనిదే.

వెళ్లే ముందు మీ శాంపిల్ రిపోర్టు ఒకటి నాకు పంపండి, చూసి చెబుతాను. కస్టమర్ పేరు, లోగో తీసేయండి. స్క్రీన్‌షాట్లలో అడ్రస్ బార్‌లో ఉండే పేరు కూడా. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫైలు అసలు పేరు మిగిలిపోతుంది, అదీ చూసుకోండి.